పన్నెండు మూరల దూరం

నాకు కోపం ఎక్కువ. ఇది నేను చెప్పుకునే మాట కాదు. నా పెండ్లాం, నా కాంట్రాక్టరు, నా కింద పనిచేసే పద్నాలుగుమంది ఒక్క గొంతుతో చెప్పే మాట. అలాంటి నన్ను తీసుకెళ్ళి సుగంధి పక్కన నిలబెట్టారు. వారం తిరిగేలోగా ఇద్దరిలో ఒకరే మిగులుతారని మావాళ్ళు పందెం కూడా వేసుకున్నారట.

తమిళనాట మా తిరువళ్ళూరు జిల్లాకు సముద్రం ఉందంటే మా తిరుత్తణి వైపు సగంమంది నమ్మరు. ఉంది. ఆ కొసన, చేపలవాళ్ళ పల్లెలు దాటాక, ఒక పాత కోట కూడా ఉంది. సున్నపుకోట అంటారు. ఓడల్లో వ్యాపారానికి వచ్చినవాళ్ళు నాలుగువందల ఏండ్ల కిందట కట్టుకున్నదట. కట్టినవాళ్ళు పోయారు, సముద్రం మాత్రం ఏడాదికింత దగ్గరికి వస్తూనే ఉంది. తూర్పు బురుజులో చెయ్యి దూరేంత పగుళ్ళు రెండు వచ్చాయి. ఐప్పసి నెల వానలు, అంటే దీపావళి వానలు, పడేలోగా గోడ పొడుగునా ఆరడుగుల కాలువ తవ్వి, బండరాళ్ళు నింపి, అలలకు అడ్డం కట్టాలి. ఆ పనికి సూపర్‌వైజర్ని నేను, ధర్మలింగం, ఊరు కే.జీ.కండిగై.

పాత కోట దగ్గర జేసీబీ దించితే ఒక షరతు ఉంటుంది. బకెట్ మట్టిలోకి దిగిన ప్రతిసారీ పురావస్తువాళ్ళ మనిషి పక్కన నిలబడి చూడాలి. ఏదైనా కనబడి చెయ్యెత్తితే బండి ఆగాలి, మారుమాట ఉండకూడదు. ఆ మనిషే సుగంధి. ఊరు ఆరణి, ఇరవై ఎనిమిదేండ్లు ఉంటాయేమో. తలకు టోపీ, చేతిలో చిన్న తాపీ, మెడలో వేలాడే నోటుబుక్కు. తెలుగు మాట్లాడుతుంది, రాసేది మాత్రం అరవంలో. జేసీబీ నడిపే హేమనాథ్ ఒకరోజు నాతో అన్నాడు.

“అన్నా, ఆయమ్మ చెయ్యెత్తితే చాలు, నాకు ఐదో క్లాసు టీచరు మతికొస్తా ఉంది. బండి తానే ఆగిపోతాది.”

మొదటి వారంలోనే ఆమె చెయ్యెత్తి నాలుగు రోజులు పని ఆపేసింది. మట్టిలో ఇటుకల తొట్టి ఒకటి కనబడింది. కోట కాలంనాటిదేమోనని ఒక్కో ఇటుకా దువ్వి, గీసి, ఫోటోలు తీసింది. అయిదో రోజు ఒక ఇటుక తిరగేస్తే అడుగున బట్టీవాడి ఫోన్ నెంబరు అచ్చు వేసి ఉంది. ఎవరో రొయ్యలు పెంచుకున్న తొట్టి అది. మావాళ్ళు పడీపడీ నవ్వారు. ఆ నెంబరుకు ఫోన్ చేసి చూద్దామా అని నేను కూడా అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఆమె పై అధికారి మురళీధరన్ సార్ వచ్చి, అందరి ముందరే చెప్పాడు. “ఇంకొకసారి ఇట్లా ఒట్టి దానికి పని ఆపితే నీ బదులు వేరేవాళ్ళు వస్తారు.” ఆమె మొహం వాడిపోయింది. అయినా మరునాడు పొద్దున ఆరింటికి మేం వచ్చేసరికి కాలువ గట్టున నిలబడి ఉంది, నోటుబుక్కు తెరుచుకుని. నాకైతే అంత అవమానం జరిగితే మూడు రోజులు మంచం దిగేవాణ్ణి కాదు.

అదిగో, ఆ తర్వాత పదో రోజున ఆమె మళ్ళీ చెయ్యెత్తింది.

తూర్పు గోడ అడుగున పైపొర ఇసుక తీసేసరికి గుంటలు బయటపడ్డాయి. వరుసగా ఏడు. ఒక్కోటి మోకాలి లోతు, కొన్ని కొంచెం ఎక్కువ. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, గట్టి బంకమట్టి అంచులు. నాకు ఒళ్ళు మండింది. వాయుగుండం వస్తోందని రేడియోలో రెండు రోజులుగా చెబుతున్నారు. బురుజు పడిపోతే ఈ గుంటలు ఎవరికి కావాలి?

“ఏముంది మేడం, చేపలకు ఉప్పేసే గుంటలు” అన్నాను.

“ఉప్పు మరక లేదన్నా. పొలుసు లేదు. అన్నీ ఒకే దిక్కుకు ఉండాయి. ఏందో ఉంది” అంది. ఏమిటో మాత్రం ఆమెకూ తెలియదు.

ఫోన్లో మురళీధరన్ సార్ కూడా నా మాటే అన్నాడు. ఉప్పు గుంటలే అయ్యుంటాయి, ఫోటో తీసి వదిలెయ్యమన్నాడు. ఆమె బతిమాలుకుంది. చివరికి ఆయన ఒక గడువు ఇచ్చాడు. రేపు మూడు గంటలకు తను వస్తానన్నాడు. అప్పటికి ఇవి ఏమిటో రుజువుతో చెప్పాలి. చెప్పలేకపోతే రాళ్ళు దించేస్తారు, ఆమె సామాను సర్దుకోవచ్చు. ఫోన్ పెట్టేసి ఆమె మళ్ళీ గుంటల్లోకి దిగింది. ఇటు నాకు మా కాంట్రాక్టరు ఫోన్. “ధర్మా, దించిన రాయి ఒక్కటి కూడా వెనక్కి కదలకూడదు. కదిలిందా, మరునాడు నువ్వక్కడ ఉండవు.” రాళ్ళు అప్పటికే గుంటలకు ఎదురుగా గుట్ట పోసి ఉన్నాయి.

మరునాడు మధ్యాహ్నం దాకా ఆమె ఆ గుంటల మధ్యే మోకాళ్ళ మీద పాకుతూ ఉంది. కొలిచిందే కొలిచింది, రాసిందే రాసింది. ఎండకు మెడ వెనక చర్మం కమిలిపోయింది. నేను మూడో గుంటలో దిగి నిలబడి, “ఇంక చాలు మేడం, నీడకు రండి” అని చెబుతున్నాను. అప్పుడే మా అలిమేలత్త మజ్జిగ బిందె పట్టుకుని వచ్చింది.

అలిమేలమ్మ మా నాయన చెల్లెలు. అరవై రెండేండ్లు. నలభై ఏండ్లు మగ్గం నేసి, నేత నడవక మానేసి, ఇప్పుడు మా పనివాళ్ళకు వంట చేసిపెట్టడానికి నాతో వచ్చింది. మనిషి పొట్టి, నోరు మాత్రం చాలా పొడుగు. గుంటల దగ్గరికి వచ్చీ రాగానే ఠక్కున ఆగిపోయింది. బిందె దించింది. కాలే ఇసుకలో చెప్పులు విడిచేసింది. తర్వాత నా వైపు చూసి కేక పెట్టింది.

“ఒరే ధర్మా! కండ్లు యాడ పెట్టుకున్నావురా? మగ్గం గుంటలో చెప్పు కాళ్ళతో దిగి నిలబడినావే! మీ నాయన ఉంటే వీపు పగలగొట్టుండేవాడు!”

నేను ఎగిరి బయటికి దూకాను. చిన్నప్పటి భయం అంత సులభంగా పోతుందా? మా ఇండ్లలో ఒకరి మగ్గం గుంటలో ఇంకొకరు చెప్పుకాలు పెట్టకూడదు. దిగే ముందు అంచు తాకి కళ్ళకద్దుకోవాలి. నేతవాడి కొడుకుని, నాకు తెలియలేదంటే సిగ్గుచేటు. కానీ మా ఇంట్లో మగ్గం ఉన్నంతకాలం గుంటలో అమ్మ కాళ్ళే ఉండేవి, మగ్గం తీసిన రోజే నాయన సిమెంటు పోయించి దానిమీద బీరువా పెట్టించాడు. ఒట్టి గుంటను నేనెప్పుడు చూశాను గనక?

సుగంధి పాకుతూ వచ్చి అత్త కాళ్ళ దగ్గర ఆగింది. “మగ్గం గుంటా? నిజంగానా అవ్వా?”

“అవ్వంట! పండ్లన్నీ గట్టిగా ఉండాయి నాకు. అత్తా అను” అంది మా అత్త. అంటూనే మూడో గుంట అంచు తాకి కళ్ళకద్దుకుని, చీర కుచ్చెళ్ళు సర్దుకుని, గుంటలోకి కాళ్ళు వేలాడేసి కూర్చుంది. “ఇది చూడు, ఈ అంచు నున్నగా అరిగిండాది. తొడలు ఆనే చోటు. అడుగున రెండు పల్లాలు చూసినావా? కాళ్ళతో చెక్కలు తొక్కే చోటు. ఇటొకటి అటొకటి బొక్కలు ఉండాయే, నేసిన గుడ్డ చుట్టే కర్రకు గుంజలు పాతేది వాటిలోనే.”

ఆమె రెండు పాదాలూ ఆ పల్లాల్లో చక్కగా కూర్చున్నాయి. సుగంధి చూస్తూ చూస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పుస్తకాల్లో గుడ్డలు లోపలి ఊళ్ళనుంచి బండ్లలో వచ్చి ఇక్కడ ఓడ ఎక్కేవని ఉందట. కోట గోడ కిందే కూర్చుని నేశారని ఎవరూ రాయలేదట. అంతలోనే ఆమె మొహం మళ్ళీ చిన్నబోయింది.

“సార్ ఒప్పుకోడు అత్తా. కూచునేదానికి సరిపోయిందంటే రుజువు కాదంటాడు. ఇంకేమైనా ఉండాల.”

“ఇంకేమైనానా? ముందరి గుంజ ఉండాల కదా! అది లేకుండా పడుగు ఎట్లా నిలబడుతాది?”

విషయం ఇది. నేసే మనిషి ముందర నూలు పొడుగునా బిగదీసి ఉంటుంది, అదే పడుగు. దాని అవతలి కొసకు కట్టిన తాడు దూరంగా ఉన్న ఒక గుంజ చుట్టూ తిరిగి, మళ్ళీ నేసేవాళ్ళ కుడిచేతి దగ్గరికే వస్తుంది. లేవకుండానే తాడు వదులు చేసుకోవచ్చు. ఆ గుంజ గుంటకు సూటిగా పన్నెండు మూరల దూరంలో ఉంటుంది. మా ఊళ్ళో ఏ మగ్గం చూసినా అంతే. గుంజ కుళ్ళిపోయినా, దాన్ని పాతిన చోట మట్టి రంగు మారి ఉంటుందని సుగంధి చెప్పింది. ఆ ఒక్క నల్లటి మచ్చ దొరికితే చాలు.

అత్త మజ్జిగ పోసి, అన్నం పొయ్యిమీద ఉందని షెడ్డు వైపు వెళ్ళిపోయింది. నేనే మోచెయ్యి ఆనించి, పన్నెండు మూరలు కొలిచి, గుర్తు పెట్టాను. ఆ చోటు రాళ్ళగుట్ట కొసనున్న రాయికి కొంచెం అవతల పడింది. సుగంధి అక్కడ కూర్చుని తాపీతో గోకడం మొదలుపెట్టింది. ఒక్కో పొర వేలి మందం. గంట గడిచింది. ఇసుక, దానికింద ఇంకా ఇసుక. జానెడు లోతు పోయింది, మూరెడు పోయింది, మచ్చ లేదు. రెండయింది. ఆమె పెదవి కొరుక్కుంటూ చుట్టూ ఇంకో అడుగు వెడల్పు చేసింది. అక్కడా లేదు. చెమట కళ్ళలోకి కారుతుంటే భుజంతో తుడుచుకుంటోంది గానీ తాపీ మాత్రం ఆపడం లేదు. అబ్బా, ఏం మనిషిరా అనుకున్నాను. ఆమె పని పోతుందని నాకు నిజంగా దిగులు పట్టుకుంది. ఆ దిగులు నాకు నచ్చలేదు. అందుకే హేమనాథ్ మీద ఊరికే అరిచాను.

రెండుంబావుకు అత్త చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చింది. గోతిని చూసింది, గుంటను చూసింది.

“ఇంత దూరం పొయ్యినారేంది? ఎవురు కొలిచింది?”

“నేనే అత్తా.”

“నీ మూరతోనా?” నెత్తి కొట్టుకుంది. “తాటిచెట్టు మాదిరి పెరిగినావు, బుద్ధి పెరగలేదు. గుంట తీసేది నేసేవాళ్ళ కాలికి, పడుగు కొలిచేది నేసేవాళ్ళ చేతికి. మీ అమ్మ మగ్గంలో మీ నాయన కూచునింది ఎప్పుడన్నా చూసినావా? మోకాళ్ళు తగలవా? ఈ గుంట నా కాలికి సరిపోయింది. అంటే ఇందులో కూచుని నేసినామె నాయంత మనిషి. నా మూర కావాల.”

సుగంధి లేచి నిలబడింది. నోటుబుక్కు తిరగేసింది. ఏడు గుంటల లోతులూ ఏడు రకాలుగా ఉన్నాయి, ఎందుకో తెలియక ప్రశ్న గుర్తు పెట్టుకుందట. “అంటే ఏడుగురు మనుషులా?” అంది.

అత్త గుంట అంచున మొదలుపెట్టి ఆ ఇసుకలో మోకాళ్ళమీద వంగి, మోచేతినుంచి వేలి కొసదాకా ఆనించి, గీత గీసి, మళ్ళీ ఆనించి, ఒక్కో మూరా కొలుచుకుంటూ పోయింది. ఇసుక నిప్పులాగా ఉంది. మోచేయి ఎర్రగా కాలుతున్నా కింద గుడ్డ పరుస్తానంటే నా చెయ్యి తోసేసింది. తొమ్మిది, పది, పదకొండు. పన్నెండో మూర పూర్తవకముందే ఆమె వేళ్ళు బండరాయికి తగిలాయి. మా గుట్టలోని రాయే, దూడంత ఉంది. గుంజ ఉంటే దాని కిందే ఉండాలి.

అందరూ నా వైపు చూశారు. రెండున్నర. దించిన రాయి కదిలితే నువ్వుండవన్నాడు కాంట్రాక్టరు, వాడు ఆడిన మాట తప్పే మనిషి కాదు. సుగంధి నన్ను అడగలేదు. అడిగి ఉంటే షరతులు చెప్పి తప్పించుకునేవాణ్ణేమో. ఆమె ఆ రాయి పక్కన కూర్చుని, రాయికింద చెయ్యి పోతుందేమోనని ఒట్టి చేతులతో ఇసుక తోడుతోంది.

“హేమా! బండి తియ్యి. ఆ రాయెత్తు” అన్నాను.

“అన్నా, కాంట్రాక్టరు చంపేస్తాడు.”

“చంపేది నన్ను కదరా, నిన్నా? ఎత్తు!”

వాడు ఎత్తాడు. ఎంత నేర్పుగా ఎత్తాడంటే కింద ఇసుక గరిటెడు కూడా చెదరలేదు. రాయి పక్కకు పోగానే సుగంధి పడుకుని, మొహం నేలకు ఆనించినంత దగ్గరగా పెట్టి, బ్రష్షుతో దులపసాగింది. జానెడు లోతులో ఇసుక రంగు మారింది. ముందు ఒక వంపు, తర్వాత అర చందమామంత, తర్వాత పూర్తిగా పళ్ళెమంత గుండ్రటి నల్లమచ్చ. చుట్టూ గుంజ కదలకుండా దిగ్గొట్టిన చిన్న రాళ్ళు, మధ్యలో పుచ్చిన కర్ర పెళ్ళ. సుగంధి లేవలేదు. అక్కడే బోర్లా పడుకుని ఏడ్చేసింది. మా అత్త కూడా కొంగు కళ్ళకద్దుకుంది. నేను ఏడవలేదని చెప్పను.

అప్పుడే మురళీధరన్ సార్ జీపు వచ్చి ఆగింది.

ఆయన అంతా విన్నాడు, వంగి మచ్చను చూశాడు, గడ్డం నిమురుకున్నాడు. “ఒక్క గుంజ గుంత ఎక్కడైనా దొరుకుతుంది సుగంధీ. వల కట్టుకునేదానికి కూడా పాతుంటారు.” మనిషి చెడ్డవాడు కాదు, ఒకసారి మోసపోయిన భయం.

సుగంధి కళ్ళు తుడుచుకుంది. “ఇంకొకటి మీ ముందరే చూపిస్తా సార్. అయిదో గుంట అన్నిటికంటే లోతు. ధర్మలింగం అన్నా, చెప్పులు విడిచి కూర్చోండి.”

నేను కూర్చున్నాను. అంచు తాకి, కళ్ళకద్దుకుని, కాళ్ళు దించాను. నా పొడుగు కాళ్ళు ఏ కుర్చీలోనూ సుఖంగా ఇమడవు, బస్సులో అయితే చెప్పనక్కర్లేదు. ఆ గుంటలో పాదాలు అడుగుకు ఆని, మోకాళ్ళు సరిగ్గా అంచు దగ్గర మడతపడ్డాయి. నా కోసమే తీసినట్టుంది. ఎవడో నా అంత పొడుగువాడు, వాడి ముందర పడుగు, వాడి పక్క గుంటల్లో వాడివాళ్ళు.

“ఇప్పుడు నీ మూర కొలువురా” అంది అత్త.

కొలిచాను. పన్నెండో మూర చివర సుగంధి తాపీ పెట్టింది. మురళీధరన్ సార్ గొడుగు పక్కన పడేసి తనూ మోకాళ్ళమీద కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు పట్టింది. మూర చివర నుంచి వేలెడు పక్కకు నల్లటి మచ్చ, దాని చుట్టూ అవే చిన్న రాళ్ళు. ఆయన ఆ మచ్చను వేలితో తాకి చూశాడు. తర్వాత లేచి, నిటారుగా నిలబడి, సుగంధికి చేతులెత్తి దండం పెట్టాడు. ఆమె ఆ చేతులు పట్టుకుని మా అత్త వైపు తిప్పింది.

కాలువను పాతికడుగులు సముద్రం వైపు జరపాలని ఆ సాయంత్రమే ఆర్డరు వచ్చింది. సుగంధి ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. మా కాంట్రాక్టరు ఫోన్లో తిట్టిన తిట్లు నేను జన్మలో వినలేదు. తిట్టినంతసేపు తిట్టి, కొత్త గీత మీద వాయుగుండంలోగా పని ముగించగలిగేవాడు ఇంకెవడున్నాడని, నన్నే ఉండమన్నాడు. ముగించాం. రెండు షిఫ్టులు చేశాం. నోరు మెదపకుండా పనిచేశారు మావాళ్ళు. జేసీబీ పక్కన సుగంధి ఎప్పటిలాగే నిలబడింది. ఆమె చెయ్యెత్తితే ఇప్పుడు హేమనాథ్ కంటే ముందు నేనే ఆపమని అరిచేవాణ్ణి.

గుంటలను అలాగే తెరిచి ఉంచితే వానకు కరిగిపోతాయి. అందుకని కొలతలన్నీ రాసుకున్నాక మళ్ళీ ఇసుక పోసి మూసేయాలి. మూసేరోజున సుగంధి తెల్లటి చాప లాంటి గుడ్డ చుట్ట ఒకటి తెప్పించింది, గుంటల్లో పరిచేందుకు. మా అత్త దాని అంచు వేళ్ళతో నలిపి చూసి, మొహం అష్టావక్రంగా పెట్టింది.

“ఇది గుడ్డేందమ్మా? పడుగు లేదు, పేక లేదు. ఒత్తి అతికించినారు. మగ్గం గుంటలో ఇదా వేసేది?”

“మట్టిని పట్టేదానికి ఇదే వేయాల అత్తా, రూలు. అయితే ఇంకొకటి ఉండాది. మళ్ళీ ఎవరన్నా తవ్వితే, ఇది ముందే ఒకరు చూసిన చోటని తెలియాల. దానికోసం అడుగున ఈ కాలం వస్తువు ఏదన్నా పెట్టి మూస్తాం. మామూలుగా రూపాయి బిళ్ళ వేస్తాం.”

“ఎప్పుడు తవ్వుతారు మళ్ళీ?”

“తెలీదు. నూరేండ్లకో, ఇన్నూరేండ్లకో. నాలాంటిది ఎవురో వస్తాది.”

అత్త షెడ్డుకు పోయింది. తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఎర్ర అంచు తువ్వాలు ఉంది. మగ్గం విప్పేసే ముందర ఆఖరుగా నేసిన పడుగులోది, ఇన్నేండ్లూ వాడకుండా పెట్టె అడుగున దాచుకుందట. సుగంధి రెండు చేతులా అందుకోబోయింది. ప్లాస్టిక్ సంచీ, తేదీ వేసిన చీటీ, మీద రాయడానికి పెన్నూ అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

“ఉండు ఉండు” అని అత్త వెనక్కి లాక్కుంది. తువ్వాలు ఎండకు ఎత్తి పట్టి, అంగుళం అంగుళం చూసుకుంటూ పోయింది. ఒక మూల దగ్గర ఆగింది. నాకైతే ఏమీ కనబడలేదు. పేకలో, అంటే అడ్డంగా నేసే నూలులో, ఒక పోగు తెగి కొస పైకి తేలిందట. అంతే, ఆ ఇసుకలోనే చతికిలబడి, గోళ్ళతో పోగు పైకి తీసి, వేలితో పేని, ముడి కనబడకుండా లోపలికి తోయడం మొదలుపెట్టింది. పక్కన బండి ఇంజను నడుస్తోంది, మురళీధరన్ సార్ నిలబడే ఉన్నాడు, మబ్బు కమ్ముకొస్తోంది. ఎవరూ తొందరపెట్టలేదు.

పది నిమిషాల తర్వాత ఆమె తువ్వాలును మళ్ళీ వెలుగుకు ఎత్తి చూసింది. మడత పెట్టి సుగంధి చేతిలో ఉంచింది.

“చూసేది నీలాంటిదంటివే, తప్పు కనుక్కోకుండా ఉంటాదా? ఇంక మూసుకోండి.”